కూతురి వాటాకొచ్చిన ఇనప ముక్క

వెర్నా ఓవెన్‌లోంచి రొట్టెల పళ్లెం తీసి పొయ్యి మీద పెట్టేసరికి, వెనక తలుపు తోసుకుని కొడుకు గార్లండ్ వచ్చాడు. మజ్జిగ పోసి కలిపిన ఆ రొట్టెలు వేడివేడిగా తిని కాఫీ తాగితే గానీ అతను ట్రాక్టర్ల షాపుకి వెళ్లడు. సొంత ఇల్లు రెండు వీధుల అవతలే ఉంది, భార్య ఉంది, ఎదిగిన పిల్లలున్నారు. అయినా పొద్దుటి తిండి అమ్మ చేతిదే. చర్చిలో ఆడవాళ్లు ఈ సంగతి ఎత్తి ఆటపట్టిస్తే, నాకొక పని తప్పిందిలే అని కోడలు నవ్వేసేది. వెర్నాకి మాత్రం లోలోపల గర్వంగా ఉండేది.

"ప్రూయిట్ గారు ఇవాళైనా ఫోన్ చేస్తారా?" అన్నాడు గార్లండ్, హాల్లో ఉన్న ఇనప బీరువా వైపు చూస్తూ.

ఆ బీరువా గార్లండ్ తండ్రి ఓరిన్‌ది. మంచు కరిగే రోజుల్లో ఆయన పోయాడు. ఇప్పుడు కెంటకీ పొలాల్లో మొక్కజొన్న మనిషి ఎత్తు పెరిగింది. వేట తుపాకులన్నీ మనవలకి పంచేయగా మిగిలింది ఒక్కటే, ప్రపంచయుద్ధం నాటి పొట్టి తుపాకి. దాన్ని ఆయన వీలునామాలో గార్లండ్‌కి రాశాడు. కానీ అది మామూలు తుపాకి కాదు. మీట నొక్కి పట్టుకుంటే గుళ్లు ఆగకుండా పోయే మెషిన్‌గన్‌గా ప్రభుత్వం దగ్గర నమోదై ఉంది. అనుమతి వచ్చేదాకా అది చేతులు మారకూడదనీ, వీలునామా అమలుచేసే బాధ్యత వెర్నాదే కాబట్టి అప్పటిదాకా ఆమె ఒక్కర్తే దాన్ని అధీనంలో ఉంచుకోవాలనీ లాయరు ప్రూయిట్ గట్టిగా చెప్పాడు. వెర్నా ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. బీరువా తెరిచే నంబరు కొడుక్కి కూడా చెప్పలేదు. ఒక్కసారి చేత్తో పట్టుకుని ఇచ్చేస్తానని అతను బతిమాలినా, మీ నాన్న ఉన్నా ఒప్పుకోడని తోసిపుచ్చింది.

కాఫీ అయ్యేలోపే ఫోన్ మోగింది. అనుమతి కాగితాలు పంపేముందు నమోదు నంబరు ఒకసారి సరిచూసుకుందామన్నాడు ప్రూయిట్. వెర్నా బీరువా తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, తుపాకి మీద చెక్కిన అంకెలు ఒక్కొక్కటే చదివింది.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"ఇంకోసారి చదవండి, వెర్నా గారూ."

చదివింది.

"అది కాదండీ. ప్రభుత్వం దగ్గరున్న నంబరు వేరు. మీరు చదివేది తుపాకి నంబరు. నాకు కావలసింది దాని లోపల వేసే చిన్న భాగం మీద ఉంటుంది. ఇనప ముక్క, మీ వేలంత ఉంటుందేమో. నమోదైంది అదే. చట్టం దృష్టిలో మెషిన్‌గన్ అంటే ఆ ముక్కే. అది తీసేస్తే మిగిలేది వట్టి తుపాకి."

ఫోన్‌లోంచి వినపడ్డ ఆ మాటలకి గార్లండ్ అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆ ముక్క ఉన్న సంగతి అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. తుపాకిలోనే ఉందనుకున్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. నాన్న దాన్ని విడిగా తీసి, నూనెగుడ్డలో చుట్టి, పాత పొగాకు డబ్బాలో స్క్రూలతో పాటు పెట్టేవాడు.

"అమ్మా, ఆ డబ్బా ఏది?"

ఫోన్ ఇంకా వెర్నా చెవి దగ్గరే ఉంది. కొడుక్కీ లాయరుకీ కలిపి ఒకే జవాబు చెప్పింది.

"ట్వైలాకి ఇచ్చేశాను."

*

అంత్యక్రియలు అయిన తర్వాతి ఆదివారం, అందరి భోజనాలూ అయ్యాక, వెర్నా వేట తుపాకులన్నీ పెద్ద బల్ల మీద పరిచి పేరుపేరునా ఇచ్చింది. ఇచ్చిన ప్రతిదానికీ ఒక మాట చెప్పింది, మీ తాత దీంతో ఫలానా జింకని కొట్టాడని. మగపిల్లలు కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నారు. వంటింటి గుమ్మంలో కూతురు ట్వైలా గిన్నెలు తుడుస్తూ నిలబడి ఉంది. ఆమెకి ఏమీ పెట్టలేదే అని చివర్లో తోచింది వెర్నాకి. బీరువా పై అరలో చెయ్యి పెడితే పొగాకు డబ్బా తగిలింది. స్క్రూలు, స్ప్రింగులు, తుపాకి గొట్టం తుడిచే చీపురుపుల్లల్లాంటి కడ్డీలు. చిన్నప్పుడు నాన్నకి స్క్రూలు అందించేదానివి కదా, ఇది నీకు, అని చేతిలో పెట్టింది. ట్వైలా డబ్బాని ఛాతీకి అదుముకుని ఏడ్చింది. ఇంతేనా అని ఏడుస్తోందనుకుంది వెర్నా. లోపల కాస్త చిరాకు కూడా పడింది.

ఆ సాయంత్రం ట్వైలా డబ్బాతో సహా కారెక్కి, ఒహాయో నది మీది వంతెన దాటి తన ఇంటికి వెళ్లిపోయింది. అవతలి ఒడ్డు ఇండియానా, వేరే రాష్ట్రం.

"అదే పెద్ద చిక్కు," అన్నాడు ప్రూయిట్, ఆ మధ్యాహ్నం తన ఆఫీసులో. పాంటుకి భుజాల మీదుగా పట్టీలు వేసుకునే ముసలాయన, గొంతు ఎప్పుడూ పెంచడు. నమోదైనదాన్ని రాష్ట్రం దాటించాలంటే ముందుగా అనుమతి ఉండాలి, అది లేదు. పైగా తన పేరున లేని మెషిన్‌గన్ ట్వైలా ఇంట్లో ఉంది. తెలియక జరిగిందన్నది నిజమే గానీ, జరిగింది జరిగినట్టే.

గంటలో వెళ్లి తెచ్చేస్తానన్నాడు గార్లండ్. నువ్వు ముట్టుకుంటే నువ్వూ నేరంలోకి వస్తావన్నాడు ప్రూయిట్. అయితే అమ్మని తీసుకెళ్తా, అమ్మే పట్టుకొస్తుందన్నాడు. అనుమతి లేకుండా ఇటు దాటించినా అదే తప్పు. పోస్టులో పంపడం ఇంకా పెద్ద తప్పు. మరి నదిలో పారేస్తే పోలా అని గార్లండ్ విసుక్కుంటే, ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నమోదైన వస్తువు ఏమైందని ప్రభుత్వం అడుగుతుంది బాబూ. అప్పుడు మీ అమ్మ అబద్ధం చెప్పాలి."

వెర్నా చేతిసంచీ పిడిని మెలితిప్పుతూ కూర్చుంది. ఎటు కదిలినా తలుపు మూసుకుపోతోంది.

ట్వైలాకి అందరికీ వినపడేలా ఫోన్ కలిపారు. ఆమె ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతుంది. నిద్రమత్తు గొంతుతోనే ప్రూయిట్ చెప్పిందంతా వింది. ఒకే ప్రశ్న వేసింది.

"కేసైతే నా లైసెన్సు ఉంటుందా?"

ఉండకపోవచ్చన్నాడు ఆయన. దాపరికం ఆయనకి చేతకాదు.

అప్పుడన్నాడు గార్లండ్. "అమ్మ ఇచ్చిందని చెప్పడం దేనికి? డబ్బాలో ఏముందో మనకి తెలీదు, చెల్లి చెప్పకుండా పట్టుకుపోయింది అంటే సరిపోతుంది. అమ్మ బయటపడుతుంది. ట్వైలా ఎలాగూ..."

"ఆ మాట నా ఆఫీసులో అనకు," అన్నాడు ప్రూయిట్.

కానీ అందరూ ఎదురుచూసింది ఆయన మాట కోసం కాదు. వెర్నా నోరు తెరవాలి. తెరవలేదు. కాదని చెప్పాలనే ఉంది. అరవై దాటిన ఆడది, జైలు అన్న మాట టీవీలో తప్ప విననిది, భయంతో బిగుసుకుపోయింది. దానికి తోడు గార్లండ్ మాట్లాడుతుంటే తను ఆగిపోవడం ఆమెకి ఎన్నేళ్లుగానో అలవాటు.

"అమ్మా, ఉన్నావా అక్కడ?" అంది ట్వైలా ఫోన్‌లో.

"ఉన్నాను."

"సరే," అని ఫోన్ పెట్టేసింది.

*

దారి ప్రూయిట్టే చూపించాడు. అనుమతి వచ్చేదాకా ఆ ముక్కని అధీనంలో ఉంచుకునే హక్కు వెర్నాకి ఉంది. అది ఆమె దగ్గరికి రాలేదు కాబట్టి ఆమే దాని దగ్గరికి వెళ్లాలి. తాళం వేసిన పెట్టెలో పెట్టి, తాళంచెవి తన ఒంటి మీద ఉంచుకుని, తుపాకుల నమోదు చూసే ప్రభుత్వ శాఖవాళ్లు వచ్చి ఏదో ఒకటి తేల్చేదాకా ఆ ఇంట్లోనే ఉండాలి. ఈలోగా జరిగినదంతా ఉన్నదున్నట్టు తను వాళ్లకి తెలియజేస్తాడు. ఏమవుతుందో మాత్రం మాటివ్వలేనన్నాడు.

ట్వైలా ఇంటికి వెర్నా అంతవరకు వెళ్లలేదు. కూతురు మొగుణ్ణి వదిలేసి నది దాటింది. ఆ మొగుడు గార్లండ్‌తో కలిసి పెరిగినవాడు, ప్రతి ఆదివారం చర్చిలో వెర్నా ముందు బెంచీలో కూర్చునేవాడు. వంతెన మీద కారు నడపాలంటే నాకు కళ్లు తిరుగుతాయని ఆమె చెబుతూ వచ్చింది. అదెవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు.

గార్లండ్ ట్రక్కులో దింపాడు గానీ కిందికి దిగలేదు. ట్వైలా గుమ్మంలో నిలబడి అమ్మ చేతిలోని సంచీని చూసింది, ట్రక్కులో ఉన్న అన్నని చూసింది.

"వాడు లోపలికి రాడా?"

"అది ఉన్న ఇంట్లో తను అడుగుపెడితే తప్పేమోనని భయం."

"నా ఇంట్లో అడుగుపెట్టడం తప్పని వాడికి ముందునుంచీ ఉందిలే. అరగంట దారి అమ్మా. ఆరేళ్లు పట్టింది నీకు."

డబ్బా వంటింటి బల్ల మీద ఉంది. వెర్నా తన చేత్తో నూనెగుడ్డ మూట తీసి, దారిలో కొన్న ఇనప పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవిని దారానికి గుచ్చి మెళ్లో వేసుకుంది. ఆ ముక్క పట్టుమని గుప్పెడు లేదు. దీనికోసమా ఇంత అనిపించింది. ట్వైలా చేతులు కట్టుకుని ఫ్రిజ్‌కి ఆనుకుని చూస్తోంది.

"గార్లండ్ అన్నదాన్ని మనసులో పెట్టుకోకు," అంది వెర్నా.

"వాడన్నది కాదు నాకు. వాడు అలాగే అంటాడు. నువ్వు కాదంటావని ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఊపిరి పీల్చడం కూడా వినపడింది."

"భయపడ్డాను."

"నాకు భయం వెయ్యలేదా?" అంది ట్వైలా. గొంతు పెంచలేదు. "పదిహేడేళ్ల సర్వీసు. ఈ ఇంటికి నేను తప్ప ఇంకో సంపాదన లేదు. నేనేం అడగలేదు నిన్ను. తుపాకి అడగలేదు, డబ్బా కూడా అడగలేదు. నువ్వే చేతిలో పెట్టావు. దాంతో నన్ను జైల్లో పెట్టించేలా ఉన్నావు."

ట్వైలా లోపలికి వెళ్లి పడుకుంది. డ్యూటీకి వెళ్లేముందు మాత్రం అమ్మకి దుప్పటి, తువ్వాలు తెచ్చి కుర్చీ మీద పెట్టింది.

రోజులు గడవడం మొదలైంది. వెర్నా ఇల్లు కదల్లేదు. తాళం వేసి చర్చికి వెళ్లి రావచ్చని ప్రూయిట్ చెప్పినా వినలేదు. ఆ పెట్టెను కళ్లెదుట పెట్టుకోకపోతే ఊపిరాడదు, పెట్టుకుంటే కాళ్లు కట్టేసినట్టుంటుంది. పగలు కూతురు నిద్రపోతుంది కాబట్టి టీవీ పెట్టకూడదు, గిన్నె చప్పుడు చేయకూడదు. పక్కింటి కుక్క మొరిగితే ఉలిక్కిపడేది. వీధిలో ఏ కారు ఆగినా శాఖవాళ్లేనని కర్టెన్ పక్కకి తీసి చూసేది.

చేయడానికేమీ లేక చూడటం మొదలుపెట్టింది. ట్వైలా ఎప్పుడూ నిలబడే తింటుంది, తిండి డబ్బాలోంచే. డ్యూటీ నుంచి వస్తే పాదాలు వాచిపోయి బూట్లలోంచి ఊడిరావు. వార్డువాళ్లు ఫోన్ చేస్తే కడుపుబ్బ నవ్వుతుంది. ఆ నవ్వు వెర్నా తన ఇంట్లో ఎన్నడూ వినలేదు.

ఇల్లు చిన్నదే గానీ కిర్రుమనే తలుపు లేదు, కారే కుళాయి లేదు. వెనక మెట్లకి కొత్త చెక్క వేసి ఉంది. మేకులు తల కనపడకుండా దిగగొట్టి, పైన మైనం నింపి ఉన్నాయి. అలా కొట్టే మనిషి ఆమెకి ఒక్కడే తెలుసు.

"మీ నాన్న వచ్చేవాడా ఇక్కడికి?" అని అడిగింది ఒక పొద్దున్న.

"గురువారాలు."

గురువారాలు ఓరిన్ పాత తుపాకులు సేకరించేవాళ్ల సమావేశానికని వెళ్లేవాడు. మధ్యాహ్నం తిండి మూట కట్టి ఇచ్చేది తనే. ఎప్పుడూ కాస్త ఎక్కువ పెట్టమనేవాడు, పక్కవాళ్లు అడుగుతారని.

"నీకు చెబుదామంటే వద్దనేవాడు," అంది ట్వైలా. "నీ అంతట నువ్వు రావాలనేవాడు. ఏదో ఒకటి బిగిస్తూ కూర్చునేవాడు, నేను స్క్రూలు అందించేదాన్ని. మాటలేం ఉండేవి కావు. నువ్వు కట్టిన తిండి ఇద్దరం తినేవాళ్లం."

వెర్నా లేచి సింకు దగ్గరికి వెళ్లి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది. ఆ ఆదివారం కూతురు ఎందుకు ఏడ్చిందో అప్పటికి తెలిసింది.

*

శనివారం గార్లండ్ ట్రక్కు మళ్లీ వచ్చింది. వెనక గడ్డి కోసే మెషిన్ ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా ట్వైలా ముంగిట్లో గడ్డి కొయ్యడం మొదలుపెట్టాడు. ముందువైపు, పక్కన, వెనకవైపు, ఆఖరికి కంచె అవతల పక్కింటివాళ్లది కూడా. ట్వైలా కిటికీలోంచి చూసి, నిద్ర చెడగొట్టాడు వెధవ, అని గ్లాసులో ఐస్ వేసి టీ తీసుకుని వెళ్లింది. ఇద్దరూ ట్రక్కు పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏమన్నాడని వెర్నా అడిగితే, ఏమన్నాడో వాడికే తెలీదుగానీ తప్పయిందని మాత్రం అర్థమయింది అంది ట్వైలా.

తర్వాతి వారం శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చింది. వయసులో ట్వైలా కంటే చిన్నది, జుట్టు బిగించి కట్టుకుంది. ప్రూయిట్ వచ్చాడు, గార్లండ్ ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వెర్నా మెళ్లోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. అధికారిణి చేతొడుగులు వేసుకుని ముక్క మీద నంబరు చూసి, తన కాగితంతో సరిపోల్చుకుంది. సరిపోయింది.

"ఇది ఆ ఇంట్లోంచి ఈ ఇంటికి ఎలా వచ్చింది, ఎవరు చెబుతారు?" అంది.

గార్లండ్ ఏదో అనబోయాడు. వెర్నా అతని మోచేతి మీద చెయ్యి వేసింది. ఆగమన్నట్టు.

"నేను చెబుతాను. మెషిన్‌గన్ నేను కదలనివ్వలేదనుకున్నాను. తుపాకిని తాళంలో పెట్టి కాపలా కాశాను. ఇదేమిటో నాకు తెలీదు, తెలుసుకోవాల్సిన బాధ్యత మాత్రం నాదే. నా చేత్తోనే తీసి నా కూతురి చేతిలో పెట్టాను. అది అడగలేదు. తనకేం కావాలో నేనూ అడగలేదు. కొడుక్కీ మనవలకీ పంచాక ఏదో ఒకటి ఇవ్వాలి కదా అని, చేతికందింది ఇచ్చాను. శిక్ష ఏదైనా ఉంటే నాకు వెయ్యండి. తనని వదిలిపెట్టండి."

అధికారిణి రాసుకుంటూ పోయింది. మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు వేసింది. డబ్బా ఎప్పుడైనా తెరిచారా అని ట్వైలాని అడిగితే, తెరిచాననీ, వాసన చూసి మూసేదాన్ననీ చెప్పింది. అధికారిణి పెన్ను ఒక క్షణం ఆగింది.

అనుమతి తీసుకుని ఆ ముక్కని మళ్లీ కెంటకీ తీసుకెళ్లి గార్లండ్ పేరున మార్చుకోవచ్చు, కానీ అదంతా తేలేదాకా ఈ విచారణ అందరి మీదా సాగుతూనే ఉంటుందంది ఆమె. వదులుకోదలిస్తే ఇవాళే ప్రభుత్వానికి అప్పగించవచ్చు. వెర్నా కొడుకు వైపు చూసింది. ప్రభుత్వం కొత్త మెషిన్‌గన్లు నమోదు చేయడం ఆపేసి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు వదిలేస్తే డబ్బిచ్చినా అలాంటిది మళ్లీ దొరకడం గగనమే. చిన్నప్పుడు నాన్న పక్కన పొలంలో బోర్లా పడుకుని, చెవులు మూసుకుని, ఎప్పటికైనా అది నాదే అనుకున్న పిల్లాడు ఇంకా ఆ మొహంలో ఎక్కడో ఉన్నాడు.

"తీసుకెళ్లండి," అన్నాడు గార్లండ్. కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టాడు. అతని తర్వాత వెర్నా పెట్టింది.

అధికారిణి ముక్కని సంచీలో వేసి సీలు వేసింది. పై వాళ్లదే నిర్ణయమని చెబుతూనే, వాకిట్లో ప్రూయిట్‌తో విడిగా మాట్లాడింది. ఆయన లోపలికి వచ్చి చెప్పాడు, నర్సు మీద కేసు పెట్టమని రాయడానికి ఆమెకి ఏ కారణమూ కనపడలేదట. నోటిమాటే గానీ, అలాంటి మాట తేలిగ్గా అనే మనిషిలా ఆమె లేదన్నాడు.

ట్వైలా సోఫాలో కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకుంది. ఏడుపు చాలాసేపు ఆగలేదు. వెర్నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. అలా నిమిరి ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు. చెయ్యి మాత్రం తడబడలేదు.

గార్లండ్ అమ్మ సంచీ ట్రక్కులో పెట్టడానికి అందుకున్నాడు. ఇక ఇక్కడ ఉండాల్సిన పని లేదు కదా అన్నాడు. అతని గొంతులో మొండితనం లేదు, అలసట ఉంది.

వెర్నా కూతురి వైపు తిరిగింది.

"ఆ రోజు అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను. నాన్నవి గానీ, నావి గానీ, ఆ ఇంట్లోవి గానీ... నీకేం కావాలి?"

ట్వైలా ముక్కు తుడుచుకుంది. "ఉన్నట్టుండి అడిగితే ఏం చెప్పను? నన్నెవరూ అడగలేదు ఇంతవరకు. ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకో."

"టైం పడుతుంది."

"పట్టనీ," అంది వెర్నా. కొడుకు చేతిలోంచి సంచీ తీసుకుని పక్కగదిలోకి పట్టుకెళ్లి, జిప్పు తీసి, మడతపెట్టిన బట్టలు తిరిగి సొరుగులో సర్దింది.

ఆమె వచ్చేసరికి ట్వైలా సోఫాలోనే కాళ్లు ముడుచుకుని నిద్రపోయింది. గార్లండ్ బూట్ల చప్పుడు కాకుండా నడిచి, తలుపు మెల్లగా చేరవేసి వెళ్లిపోయాడు. ఎండ కూతురి మొహం మీద పడుతోంది. వెర్నా కర్టెన్ లాగి, ఆమె పాదాలు ఎత్తి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమెని ఇక్కడే ఉండమని ఎవరూ చెప్పలేదు.